డిఫర్ అయ్యాక కాలేజీకి ఉత్తరం: ఏం రాయాలి, ఎప్పుడు పంపాలి?

న్యూజెర్సీ అమ్మ:

అందరికీ నమస్తే. మా పెద్దమ్మాయి పన్నెండో గ్రేడ్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదవాలని దాని కోరిక. నవంబర్ 1కి ఒక కాలేజీకి ఎర్లీ డెసిషన్ (ఈడీ) వేసింది, అంటే సీటిస్తే తప్పకుండా అక్కడే చేరతానని మాటిచ్చి ముందుగా వేసే అప్లికేషన్. కాలేజీ పేరు ఇక్కడ రాయను. పోయిన వారం రిజల్ట్ వచ్చింది. డిఫర్. సీటు ఇచ్చామనీ కాదు, ఇవ్వమనీ కాదు, జనవరి 1కి మామూలుగా వేసే రెగ్యులర్ వాళ్లతో కలిపి మళ్లీ చూసి మార్చి చివర్లో చెప్తాం అన్నారు. సాయంత్రం ఏడింటికి పోర్టల్ తెరుస్తారని తెలుసు కాబట్టి నేను కింద వంటింట్లో పని చేస్తున్నట్టే ఉన్నా చెవులన్నీ పైనే పెట్టుకుని ఉన్నాను. ఏడు దాటి పది నిమిషాలైనా ఒక్క మాట వినపడలేదు, అప్పుడే అర్థమైపోయింది. వెళ్లి చూస్తే లాప్‌టాప్ మూసేసి దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చుని ఉంది.

ఆ రాత్రే వాళ్ల నాన్న కూర్చుని ఉత్తరం రాసేశారు. మీ కాలేజీ మీద ఆసక్తి ఇంకా ఉందని చెప్పే ఉత్తరం, లెటర్ ఆఫ్ కంటిన్యూడ్ ఇంటరెస్ట్ అంటారట కదా, ఎల్ఓసీఐ అని అందరూ అంటున్నారు. రెండు పేజీలు వచ్చింది. మా అమ్మాయి మొత్తం చదివి, "నాన్నా, ఈ ప్లెథొరా అన్న మాట నేను ఎప్పుడైనా అనగా విన్నావా?" అని అడిగి తన గదిలోకి వెళ్లిపోయింది. ఆయన మనసు కష్టపెట్టుకున్నారు, అది మాట్లాడటం తగ్గించేసింది, మధ్యలో నాకు టెన్షన్.

నాకు తెలియనివి చాలా ఉన్నాయి. ఈ ఉత్తరం ఇప్పుడే పంపాలా, జనవరి దాకా ఆగాలా? పోయిన ఆగస్టులో దాని కూచిపూడి అరంగేట్రం అయింది, ఆ వీడియో, సర్టిఫికెట్లు కూడా జత చేయమని తెలిసినవాళ్లు చెప్తున్నారు. మావారి ఆఫీసులో ఒకాయనకి ఆ కాలేజీ పూర్వ విద్యార్థిగా మంచి పేరుంది, ఆయన చేత ఇంకో రికమెండేషన్ రాయించమంటారా? ఇంకోటి, అమ్మాయి వేరే కాలేజీకి ఈడీ2, అంటే రెండో విడత ఎర్లీ డెసిషన్, వేద్దామా అని కూడా ఆలోచిస్తోంది, అలాంటప్పుడు ఈ ఉత్తరంలో "సీటిస్తే తప్పకుండా వస్తాను" అని రాయొచ్చా? అడ్మిషన్స్ ఆఫీసుకి నేనే ఫోన్ చేసి అడిగితే తప్పవుతుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

టెక్సాస్ కౌన్సెలర్:

నేను ఇక్కడ పబ్లిక్ హైస్కూల్లో కౌన్సెలర్‌గా పదకొండేళ్లుగా చేస్తున్నానండీ, ప్రతి డిసెంబర్‌లోనూ ఇలా డిఫర్ అయిన పిల్లలు నా గదికి వస్తారు. వివరంగానే చెప్తాను.

అన్నిటికంటే ముందు, డిఫర్ అని చెప్పిన ఆ లెటర్‌ని అమ్మాయి పక్కన కూర్చుని ఇంకోసారి నెమ్మదిగా చదవండి. ఆ రాత్రి ఎవరూ దాన్ని పూర్తిగా చదవరు, మొదటి లైన్ దగ్గరే కళ్లు ఆగిపోతాయి. కింద ఎక్కడో రాసి ఉంటుంది: అప్‌డేట్ పంపొచ్చు, పంపొద్దు, పోర్టల్‌లో ఫలానా చోట ఎక్కించండి, ఫలానా తేదీలోపు అని. కొన్ని కాలేజీలు మార్కులు తప్ప ఇంకేమీ పంపొద్దని స్పష్టంగా చెప్తాయి, అక్కడ ఉత్తరం పంపితే చెప్పిన మాట వినలేదని అవుతుంది, అంతే. ఎంఐటీ లాంటి చోట ఉత్తరమే ఉండదు, ఫిబ్రవరి అప్‌డేట్స్ అండ్ నోట్స్ అని ఒక ఫారం ఇస్తారు, చెప్పాల్సింది అందులోనే చెప్పాలి. కాబట్టి మీ కాలేజీ ఏమడిగిందో అదే మీకు రూలు. పక్కింటి వాళ్లకి పనిచేసింది అని మనం చేయకూడదు.

ఎప్పుడు అంటారా, తేదీ ఏమీ ఇవ్వకపోతే క్రిస్మస్ ముందు హడావిడిగా పంపకండి. ఆ వారం రోజులూ చాలా ఆఫీసులు మూసే ఉంటాయి, పైగా అమ్మాయి మనసు కూడా కుదుటపడలేదు, ఆ బాధంతా ఉత్తరంలోకి వచ్చేస్తుంది. జనవరి మధ్యలో, మొదటి సెమిస్టర్ మార్కులు చేతికొచ్చే సమయంలో పంపితే చెప్పడానికి కొత్త విషయం ఉంటుంది. ఆ మార్కులు మీరు పంపక్కర్లేదు, మిడ్‌ఇయర్ రిపోర్ట్ అని కామన్ యాప్ (చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) ద్వారా స్కూల్ కౌన్సెలరే పంపుతారు. కానీ వాళ్లకి వందల మంది పిల్లలు ఉంటారు, మీ అమ్మాయి వెళ్లి ఒకసారి గుర్తు చేస్తే మంచిది.

ఈడీలో డిఫర్ అయితే ఆ కాలేజీకి మీరిచ్చిన మాట అక్కడితో రద్దయిపోతుంది, అమ్మాయి ఇప్పుడు ఎక్కడికైనా వేసుకోవచ్చు, ఈడీ2 కూడా. కానీ ఈడీ2 అంటే అదీ ఈడీయే, అమ్మాయి, మీరు, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి, ఫిబ్రవరి మధ్యలో సీటొస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. ఒక పక్క అక్కడ సంతకం పెట్టి, ఇంకో పక్క ఇక్కడ "మీరు సీటిస్తే తప్పకుండా వస్తాను" అని రాస్తే రెండిట్లో ఒకటి అబద్ధం. దయచేసి అలా రాయించకండి. ఈడీ2 వేస్తే ఆ వాక్యం వదిలేసి, "ఇక్కడ చదవాలన్న ఆసక్తి అలాగే ఉంది" అన్నంత వరకే రాయాలి. వేయకపోతే, నిజంగా అదే మొదటి కోరిక అయితే, ఆ ఒక్క కాలేజీకి మాత్రమే సూటిగా రాయొచ్చు. ఇది మొదట తేల్చుకోండి, ఎందుకంటే ఉత్తరం మొత్తం దాని మీదే నిలబడుతుంది.

అరంగేట్రం ఆగస్టులో అయింది అన్నారు, అంటే అప్లికేషన్‌లో ఉండే ఉంటుంది. మళ్లీ పంపితే కొత్తగా చేసిందేమీ లేదని మనమే ఒప్పుకున్నట్టు. ఆ పెద్దాయన రికమెండేషన్ కూడా వద్దండీ, ఆయనకి మీ అమ్మాయి గురించి ఏం తెలుసు? ఈ ఏడాది తనకి పాఠం చెప్తున్న టీచర్ ఎవరైనా తనలో మార్పు చూసి ఉంటే, కాలేజీ ఒప్పుకుంటే, ఆ ఒక్క లెటర్‌కి విలువ ఉంటుంది. ఫోన్ మాత్రం మీరు చేయొద్దు, మీవారు కూడా చేయొద్దు. ఏదైనా అడగాల్సి ఉంటే అమ్మాయే మీ ఏరియా చూసే అడ్మిషన్స్ ఆఫీసర్‌కి చిన్న మెయిల్ రాయాలి, లేదా స్కూల్ కౌన్సెలర్ మాట్లాడాలి.

రాత్రిషిఫ్ట్ నాన్న:

చెల్లెమ్మా, నా మాట కాస్త కటువుగా ఉంటుంది, కానీ ఇద్దరు పిల్లల్ని ఈ దారిలో దాటించాను కాబట్టి చెప్తున్నా. ఈ ఉత్తరం మీద డిసెంబర్ అంతా పెట్టకండి. పెద్ద పేరున్న కాలేజీల్లో డిఫర్ అయినవాళ్లలో తర్వాత సీటొచ్చేది కొద్దిమందికే. మా పెద్దవాడు డిఫర్ అయినప్పుడు మేము మూడు వారాలు ఆ ఒక్క ఉత్తరాన్నే రుద్దుతూ కూర్చున్నాం, జనవరి 1కి వెళ్లాల్సిన మిగతా ఎస్సేలు ఆఖరి రెండు రాత్రుల్లో రాశాడు. ఒకదాంట్లో వేరే కాలేజీ పేరు అలాగే ఉండిపోయింది, సబ్మిట్ అయ్యాక చూసుకున్నాం. ఆ రాత్రి వాడి ముఖం నాకింకా కళ్లముందే ఉంది. తప్పు వాడిది కాదు, మాది. ముందు రెగ్యులర్ అప్లికేషన్లు పూర్తి చేయించండి, ఉత్తరం సంగతి తర్వాత.

ఇంకోటి. కామన్ డేటా సెట్ అని చాలా కాలేజీలు ఏటా తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో సీ7 అనే పట్టికలో అడ్మిషన్‌కి ఏది ఎంత ముఖ్యమో రాస్తారు, విద్యార్థి చూపే ఆసక్తికి కూడా అందులో ఒక వరస ఉంటుంది. చాలా ముఖ్యం, ముఖ్యం, చూస్తాం, చూడం అని నాలుగు గళ్లు, వాటిలో ఏదో ఒకదాంట్లో టిక్ ఉంటుంది. మీ కాలేజీది ఒకసారి చూసుకోండి, ఎంత ఆశ పెట్టుకోవాలో తెలుస్తుంది.

టెక్సాస్ కౌన్సెలర్:

అన్నగారు చెప్పిన వరుస సరైనదే, ముందు జనవరి 1 అప్లికేషన్లు. ఒక్కటి మాత్రం కలుపుతాను: సీ7లో "చూడం" అని ఉన్న కాలేజీ కూడా, డిఫర్ అయిన పిల్లల నుంచి అప్‌డేట్ తీసుకుంటామని చెప్తే, ఆ కాగితం ఫైల్లోకి వెళ్తుంది, రెండోసారి చదివేటప్పుడు కనిపిస్తుంది. అక్కడ "మీరంటే చాలా ఇష్టం" అన్నదానికి పని లేదు, నవంబర్ తర్వాత ఏం జరిగిందన్నదానికే పని.

రెండో ఏడాది:

ఆంటీ, నేను రెండేళ్ల కింద ఇలాగే డిఫర్ అయ్యాను, ఇప్పుడు వేరే కాలేజీలో సోఫమోర్‌ని, అంటే రెండో ఏడాది. ఆ కాలేజీలో చివరికి నాకు రాలేదు, అది ముందే చెప్పేస్తున్నా. అయినా నా ఉత్తరం కథ చెప్తాను, మీ అమ్మాయికి పనికొస్తుందేమో.

నా మొదటి డ్రాఫ్ట్ మొత్తం కాలేజీని పొగడటమే. మీ ప్రపంచస్థాయి ఫ్యాకల్టీ, మీ వైవిధ్యం, మీ అందమైన క్యాంపస్. మా ఇంగ్లిష్ టీచర్ అది చదివి, కాలేజీ పేరున్న చోటల్లా పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన వేరే కాలేజీ పేరు రాసి నాకు తిరిగిచ్చారు. చదువుకుంటే ఒక్క వాక్యం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు, అచ్చం సరిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు. మీ అమ్మాయిని కూడా ఆ పరీక్ష పెట్టుకోమనండి. పేరు మార్చినా సరిపోయే వాక్యం ఏదైనా తీసేయాల్సిందే.

ఇంకోటి, మొదటి వాక్యంలో "చాలా నిరాశ పడ్డాను" అని రాయొద్దనండి. వాళ్లకి తెలుసు అది. అలాగే ఎందుకు డిఫర్ చేశారో వివరించమని అడగొద్దు, వేరే కాలేజీల్లో వచ్చిన సీట్ల గురించి చెప్పొద్దు. నాది చివరికి పేజీ కంటే తక్కువే, మూడు వందల యాభై పదాలు ఉంటుందేమో.

అంకుల్‌ని ఏమీ అనుకోవద్దనండి. మా నాన్న కూడా రాశారు నాకు ఒకటి. అప్పుడు కోపమొచ్చింది, కానీ ఇంకా దాచుకున్నా దాన్ని.

న్యూజెర్సీ అమ్మ:

అందరికీ చాలా థాంక్స్. బాబూ, నీ చివరి మాట మావారికి చదివి వినిపించాను, ఏమీ అనలేదు కానీ భోజనం అయ్యాక అమ్మాయి గదికి వెళ్లి పది నిమిషాలు కూర్చుని వచ్చారు.

ఈడీ2 వద్దని తేల్చుకుంది. ఇదే కావాలట, రాకపోతే రెగ్యులర్‌లో వచ్చినదాంట్లో చదువుతానంది. సరే.

ఇప్పుడు అసలు కష్టం ఏంటంటే, కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు అంటోంది. అవార్డులు లేవు, ఫిజిక్స్‌లో బీ నుంచి ఏ మైనస్‌కి వచ్చింది అంతే. ఇంకోటి ఉంది కానీ అది చిన్న సంగతి. స్కూల్ వెనక ఒక వాగు ఉంది, సెప్టెంబర్ నుంచి రెండు వారాలకోసారి వెళ్లి నీళ్లు సీసాలో పట్టి ఏదో మీటర్ ముంచి నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. అప్లికేషన్‌లో ఒక లైన్ రాసింది దాని గురించి, అప్పటికి నాలుగుసార్లే అయింది. డిసెంబర్‌లో మంచు పడ్డాక రోడ్ల మీద ఉప్పు చల్లారు కదా, ఆ తర్వాత కొలిస్తే రీడింగ్ మూడింతలు వచ్చిందట. మీటర్ పాడైందనుకుని మర్నాడు చలిలో మళ్లీ వెళ్లి కొలిచింది, మళ్లీ అంతే. నేను ఆ చలిలో ఎందుకని తిట్టాను. ఆ తర్వాత మా టౌన్‌షిప్ ఎన్విరాన్‌మెంటల్ కమిషన్ మీటింగ్‌లో మూడు నిమిషాలు మాట్లాడింది, పబ్లిక్ ఎవరైనా మాట్లాడొచ్చట అక్కడ. ఒక పెద్దావిడ ఏదో ప్రశ్న అడిగితే జవాబు తెలియలేదని ఇంటికొచ్చి బాధపడింది. ఇలాంటివి రాస్తే బాగుంటుందా?

టెక్సాస్ కౌన్సెలర్:

అమ్మా! ఇది చిన్న సంగతా? ఉత్తరం ఇదేనండీ. ఇంకేమీ వెతకొద్దు.

ఎందుకో చెప్తాను. అప్లికేషన్‌లో ఆ వాగు ఒక లైన్, అలాంటి లైన్లు చదివేవాళ్లు రోజూ ఎన్నో చూస్తారు, ఎవరు నిజంగా చేస్తున్నారో, ఎవరు అప్లికేషన్ కోసం మొదలుపెట్టి మానేస్తారో వాళ్లకి తెలిసే దారి లేదు. సబ్మిట్ చేశాక కూడా చలిలో వెళ్లింది, తనే రీడింగ్‌ని అనుమానించి మర్నాడు మళ్లీ వెళ్లింది. ఇంజనీరింగ్‌కి కావాల్సిన పిల్ల అంటే ఇలాగే ఉంటుంది. ఉప్పు నీళ్లలో కరిగితే విద్యుత్తు ఎక్కువగా పారుతుంది, మీటర్ చూపించేది అదే, కాబట్టి తన రీడింగ్ నిజమై ఉండటానికి పూర్తి అవకాశం ఉంది. అయినా ఒక్క వాగు, కొన్ని రీడింగులు, దీన్నిబట్టి ఊరంతటి నీళ్ల గురించి తీర్పు చెప్పేయొద్దనండి ఉత్తరంలో. చూసింది చూసినట్టు, అంకెతో, తేదీతో రాస్తే చాలు.

ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న ఏంటో నాకు తెలియదు కానీ అది తప్పకుండా రాయమనండి. జవాబు తెలియలేదనీ, ఇప్పుడు దానికోసం ఏం చేస్తోందో కూడా. పిల్లలు తమకి తెలియనిది దాచేస్తారు ఈ ఉత్తరాల్లో, నేను చదివిన మంచి ఉత్తరాలన్నిట్లోనూ అలాంటి చోటు ఒకటి ఉంది. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికి ఆ కాలేజీలో ఏ కోర్సు, ఏ ల్యాబ్ ఉందో వాళ్ల డిపార్ట్‌మెంట్ పేజీలో తనే చూసి ఒక్కటి, ఒక్కటే, రాస్తే కాలేజీ ఎందుకు కావాలో దానంతటదే చెప్పినట్టవుతుంది. పేరు మార్చే పరీక్షలో కూడా నెగ్గుతుంది. ఫిజిక్స్ మార్కుకి ఒక వాక్యం చాలు, మిడ్‌ఇయర్ రిపోర్ట్‌లో ఎలాగూ వస్తుంది.

కృష్ణా జిల్లా:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా తమ్ముడు విజయవాడలో సీబీఎస్ఈ పన్నెండు, వాడూ ఎర్లీ యాక్షన్‌లో (చేరతానని మాటివ్వకుండా ముందుగా వేసేది) డిఫర్ అయ్యాడు. వాళ్ల స్కూల్లో కౌన్సెలర్ అంటూ ఎవరూ లేరు, కామన్ యాప్‌లో పేపర్లన్నీ ప్రిన్సిపాల్ గారే ఎక్కించారు. ఈ మిడ్‌ఇయర్ రిపోర్ట్ ఎవరు పంపాలి మేడమ్?

టెక్సాస్ కౌన్సెలర్:

ఆయనే. మొదట పంపిన లాగిన్‌లోనే మిడ్‌ఇయర్ రిపోర్ట్ కూడా ఉంటుంది. హాఫ్ ఇయర్లీ మార్కులు, ప్రీబోర్డ్ అయిపోయి ఉంటే అవి కూడా స్కూల్ ముద్రతో స్కాన్ చేసి ఎక్కించమనండి. ఆయన ప్రీబోర్డ్ హడావిడిలో ఉంటారు కాబట్టి తమ్ముడు ముందే వెళ్లి ఆ పేజీ ఎక్కడుందో దగ్గరుండి చూపిస్తే పని తొందరగా అవుతుంది.

న్యూజెర్సీ అమ్మ:

జనవరి 1 అప్లికేషన్లన్నీ వెళ్లిపోయాయి, అన్నయ్యగారూ, అన్నిట్లో కాలేజీ పేరు మా చిన్నదాని చేత గట్టిగా చదివించి చూశాం. నిన్న అమ్మాయి ఉత్తరం రాసింది. రాసిన తర్వాతే మాకు చూపించింది. మొదలు ఇలా ఉంది, తెలుగులో చెప్తున్నా:

"డిసెంబర్‌లో మంచు కరిగిన రెండో రోజు మా స్కూల్ వెనక వాగులో నేను తీసుకున్న రీడింగ్ అంతకు ముందుదానికి మూడు రెట్లు ఉంది. మీటర్ పాడైందనుకున్నాను. మర్నాడు ఇంకో సీసాతో వెళ్లాను."

ఆ పెద్దావిడ అడిగిందట, ఎండాకాలం వచ్చేసరికి ఈ ఉప్పంతా ఎక్కడికి పోతుంది అని. ఇప్పుడు దాని కోసం జూన్ దాకా కొలుస్తానని రాసింది. ఆఖర్లో "నా మొదటి కోరిక ఇప్పటికీ మీ కాలేజీయే, సీటు ఇస్తే వస్తాను" అని ఉంది. దాని కింద "మీ అమూల్యమైన సమయాన్ని నా కోసం వెచ్చించినందుకు సదా కృతజ్ఞురాలిని" అన్న అర్థం వచ్చే వాక్యం వాళ్ల నాన్న కలపమన్నారు, అది కలిపింది. ఉంచమంటారా?

రెండో ఏడాది:

ఆంటీ, మొదటి మూడు వాక్యాలు చదివి నేనైతే ఆ రీడింగ్ సంగతి తర్వాత ఏమైందా అని చూశా. చాలా బాగా రాసింది. ఆ చివరిది మాత్రం తీసేసి, "చదివినందుకు థాంక్స్" అన్నంత మామూలుగా ఒక్క మాట పెట్టమనండి, మిగతాదంతా తన గొంతులో ఉండి ఆ ఒక్కటే వేరేలా వినిపిస్తోంది. అంకుల్ మాట అని ఉంచేసిందేమో, ఆయన్నే తీసేయమని అడగమనండి, కాదనరు. పైన అప్లికేషన్ ఐడీ, పూర్తి పేరు, స్కూల్ పేరు పెట్టి పీడీఎఫ్ చేసి, డిఫర్ లెటర్‌లో కాలేజీ చెప్పిన చోటే పోర్టల్‌లో ఎక్కించాలి. ఎక్కించాక మళ్లీ తెరిచి చూసుకోవాలి, నాది మొదటిసారి ఖాళీ పేజీ వెళ్లింది.

న్యూజెర్సీ అమ్మ:

ఆయనే తీసేశారు బాబూ. మిడ్‌ఇయర్ మార్కులు జనవరి ఆఖరి వారంలో వస్తాయని కౌన్సెలర్ చెప్పారట, అవి రాగానే ఉత్తరం ఎక్కిస్తుంది. రేపు మళ్లీ మంచు అంటున్నారు. రెండో మీటర్ ఒకటి కావాలంది, సరిచూసుకోడానికి. వాళ్ల నాన్న ఇప్పుడే ఆర్డర్ పెట్టారు.